గడ్డకు ఇంటిపేరు ఒక్కటే చాలదు

పోయిన సంచికలో బయాప్సీ రిపోర్టు ఎలా చదవాలో నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ‘సార్కోమా’ గురించే. కండ, కొవ్వు, నరం, రక్తనాళం లాంటి మెత్తటి కణజాలంలోనూ, ఎముకలోనూ పుట్టే క్యాన్సర్లను సార్కోమాలు అంటారు. పెద్దవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇవి నూటికి ఒకటి. రకాలు మాత్రం డెబ్బైకి పైనే. అందువల్ల సర్వీసంతా చేసి రిటైరైన పాథాలజిస్టు కూడా వీటిలో కొన్నిటిని ఒక్కసారైనా చూసి ఉండకపోవచ్చు. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో 31 ఏళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. అయినా కొన్నిటిని పుస్తకాల్లో బొమ్మలుగా చూడడమే తప్ప నా చేతికి స్లైడు రాలేదు. ఈసారి పేజీలన్నీ ఈ ఉత్తరాలకే ఇస్తున్నాను. రాసినవారి పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

మా అమ్మాయికి 24 ఏళ్లు. ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకు కుడి చీలమండ దగ్గర గడ్డ కనిపించింది. మొదటి ఆసుపత్రిలో ముక్క తీసి ‘మెలనోమా’ అనే చర్మ క్యాన్సర్ అన్నారు. ఒంటి మీద తేడాగా ఉన్న పుట్టుమచ్చ ఒక్కటీ లేదు. రెండో చోట ఫిష్ పరీక్ష చేసి ‘ఈడబ్ల్యూఎస్‌ఆర్1 పాజిటివ్’ అని రాశారు. మా అబ్బాయి ఫోన్లో వెతికి, అది యూయింగ్ సార్కోమా అన్నాడు. మూడో చోట ‘క్లియర్ సెల్ సార్కోమా’ అంటున్నారు. ముగ్గురు మూడు పేర్లు చెబితే ఎవరిని నమ్మాలి డాక్టరు గారూ? టెన్షన్‌తో ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.
*– ఒక తల్లి, తెనాలి*

అమ్మా, మీరు పంపిన మూడు రిపోర్టుల జిరాక్సులూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఈ ముగ్గురూ ఒకరి మాట ఒకరు కాదనడం లేదు. ఒకే గడ్డను ఒకరి తర్వాత ఒకరు ఇంకొంచెం లోపలికి వెళ్లి చూశారు. కాగితాల్లో ఉన్నదాన్ని బట్టి మూడో పేరే సరైనదని నాకనిపిస్తోంది. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదవండి.

మొదటి డాక్టరు ఎస్100, హెచ్‌ఎంబీ45 అనే రంగు పరీక్షలు చేశారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలను పట్టిచ్చే పరీక్షలివి. రెండూ పాజిటివ్ వచ్చాయి. ఆ స్థితిలో మెలనోమా అనుకోవడం సహజం. అయితే పాదం, చీలమండ ప్రాంతంలో, స్నాయువులను అంటిపెట్టుకుని, వయసులో ఉన్నవాళ్లకు వచ్చే గడ్డ ఇంకొకటి ఉంది. 1965లో ఎంజింగర్ అనే అమెరికా పాథాలజిస్టు దాన్ని విడిగా గుర్తించి క్లియర్ సెల్ సార్కోమా అని పేరు పెట్టాడు. ఇది కూడా మెలనిన్ గుర్తులు చూపిస్తుంది. అందుకే చాలాకాలం దాన్ని ‘మెత్తటి భాగాల మెలనోమా’ అని కూడా పిలిచారు. మైక్రోస్కోపులో ఎంతసేపు చూసినా ఈ రెండింటినీ విడదీయడం కష్టం. తేడా ఉన్నది క్రోమోజోముల్లో.

మన కణాల్లో 46 క్రోమోజోములుంటాయి. వీటిని 46 పుస్తకాలనుకోండి. ఈ గడ్డలో, బైండింగ్ చేసేటప్పుడు 22వ నంబరు పుస్తకం ఒక పేజీ దగ్గర చిరిగి, 12వ నంబరు పుస్తకంలోంచి చిరిగిన పేజీలు దానికి అతుక్కున్నాయి. ఆ అతుకు దగ్గర సగం వాక్యం ఇందులోది, సగం వాక్యం అందులోది. కణం దాన్ని ఒకే వాక్యంగా చదివి, మామూలుగా ఒంట్లో ఎక్కడా ఉండని కొత్త ప్రోటీన్ తయారుచేస్తుంది. మెత్తటి కణజాలంలో వచ్చే అరుదైన గడ్డల్లో చాలావాటికి మూలం ఇలాంటి అతుకే. డాక్టర్లు దీన్ని ‘ఫ్యూజన్’ అంటారు.

ఇప్పుడు రెండో పరీక్ష సంగతి. ఫిష్‌లో ఈడబ్ల్యూఎస్‌ఆర్1 జన్యువుకు ఒక పక్క ఎర్ర చుక్క, మరో పక్క ఆకుపచ్చ చుక్క అంటిస్తారు. జన్యువు బాగుంటే రెండు చుక్కలూ కలిసి పసుపుగా కనిపిస్తాయి. తెగితే ఎరుపు, ఆకుపచ్చ విడివిడిగా కనిపిస్తాయి. ఆ పరీక్ష చెప్పేది అంతవరకే: ఈ జన్యువు తెగింది. తెగిన ముక్క వెళ్లి ఎవరితో కలిసిందో అది చెప్పదు.

మన ఊళ్లలో ఒకే ఇంటిపేరుతో ఇరవై కుటుంబాలుంటాయి. కవరు మీద ఇంటిపేరు ఒక్కటే రాస్తే పోస్ట్‌మన్ ఎవరింటికి ఇవ్వాలి? ఈడబ్ల్యూఎస్‌ఆర్1 అలాంటి ఇంటిపేరు. 11వ క్రోమోజోము మీదున్న ఎఫ్‌ఎల్‌ఐ1తో కలిస్తే యూయింగ్ సార్కోమా. యూయింగ్ రోగుల్లో నూటికి 85 మందిలో ఉండేది ఈ జతే. ఈఆర్‌జీతో కలిసినా యూయింగే. డబ్ల్యూటీ1తో కలిస్తే, కుర్రవాళ్ల పొట్టలో ఎక్కువగా వచ్చే డెస్మోప్లాస్టిక్ స్మాల్ రౌండ్ సెల్ ట్యూమర్. ఎన్‌ఆర్4ఏ3తో కలిస్తే మరో రకం, తొడ లోపల మెల్లగా పెరిగేది. ఏటీఎఫ్1తో కలిస్తే క్లియర్ సెల్ సార్కోమా. మీ అబ్బాయి ఇంటర్నెట్‌లో చూసింది అబద్ధం కాదు, ఆ ఇంటిపేరుతో అందరికన్నా ఎక్కువ పేరుపడినవాణ్ణి చూశాడు. పిల్లవాణ్ణి ఏమీ అనకండి. పూర్తి రిపోర్టు చేతిలో ఉన్న డాక్టర్లు కూడా ఈ పొరపాటు చేసిన సందర్భాలు నేను చూశాను.

మూడో ఆసుపత్రివాళ్లు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్, అంటే జన్యువు నుంచి కణం రాసుకునే నకలును అక్షరం అక్షరం చదివే పరీక్ష, చేయించి, అతుకు రెండు వైపులా చదివారు. రిపోర్టు రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ‘ఈడబ్ల్యూఎస్‌ఆర్1–ఏటీఎఫ్1’ అని ఉంది చూడండి. మెలనోమాలో ఈ అతుకు ఉండదు. ఇంకో విషయం కూడా ఇక్కడే తేలిపోతుంది. ఏటీఎఫ్1 ఇలా అదుపు తప్పినప్పుడు, మెలనిన్ కణాలను నడిపించే ఎంఐటీఎఫ్ అనే జన్యువును తట్టిలేపుతుంది. మొదటి డాక్టరుకు మెలనిన్ గుర్తులు కనబడింది అందువల్లే. అంటే మొదటి రిపోర్టులో కనిపించినదానికి కారణం మూడో రిపోర్టులో దొరికింది.

పేరు ఏదైతేనేం, క్యాన్సరే కదా అని మీ బంధువులెవరో అన్నారని రాశారు. కాదమ్మా. యూయింగ్ సార్కోమా అయితే ముందు కీమోథెరపీ మొదలుపెడతారు. కొన్ని సైకిల్స్ అయ్యాక ఆపరేషనో రేడియేషనో చేస్తారు, తర్వాత మళ్లీ కీమో. యూయింగ్ ఆ మందులకు బాగా లొంగుతుంది. క్లియర్ సెల్ సార్కోమా వాటికి అంతగా లొంగదు. దానికి మొదటి ఆయుధం ఆపరేషన్, చుట్టూ కొంత మంచి కణజాలంతో సహా గడ్డను మొత్తంగా తీసేయడం. పైగా ఇది మిగతా సార్కోమాల కన్నా ఎక్కువగా లింఫు గ్రంథులకు పాకుతుంది. కాబట్టి గజ్జల్లో గ్రంథులు చూశారా అని మీ సర్జన్‌ను అడగండి. ఇంటిపేరు చూసి యూయింగ్ వైద్యం మొదలుపెట్టి ఉంటే మీ అమ్మాయికి నెలల తరబడి కీమో ఎక్కించేవారు, ఆపరేషన్‌కు మంచి సమయం దాటిపోయేది. మీరు మూడో చోటికి వెళ్లి మంచిపని చేశారు. ఇక నాలుగో చోటికి తిరగకండి, ఆపరేషన్ తేదీ తీసుకోండి.

మీ ఉత్తరం చదువుతుంటే ఒక తండ్రి గుర్తొచ్చాడు. 1990ల మొదట్లో సంగతి. పల్నాడు నుంచి వచ్చిన రైతు, కొడుక్కి పదిహేనేళ్లు. తుంటి దగ్గర గడ్డ. అప్పుడు మా దగ్గరున్నవి రెండు మూడు రంగులే. ‘మాలిగ్నెంట్ స్మాల్ రౌండ్ సెల్ ట్యూమర్’ అని రాసి సంతకం పెట్టాను. ఆయన రిపోర్టు తీసుకుని, ఇంగ్లీషు రాదు కాబట్టి అర్థం చెప్పమన్నాడు. “చిన్న గుండ్రటి కణాల గడ్డ” అని చెప్పాను. ఆయన కాసేపు ఆగి, “అది రూపం గదమ్మా, దాని పేరేంది?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రూపంలో ఉండే గడ్డలు అరడజనుకు పైగా ఉన్నాయి. పారిస్‌లో క్యూరీ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు యూయింగ్ అతుకును విడదీసి చూపించింది 1992లో, అదే బృందం క్లియర్ సెల్ సార్కోమా అతుకును ప్రకటించింది 1993లో. అవి పరీక్షలుగా మారి మా దాకా వచ్చేసరికి చాలా ఏళ్లు పట్టింది. ఆ పిల్లవాడికి ఏమైందో నాకు తెలియలేదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

మా బాబుకు 11 ఏళ్లు. యూయింగ్ సార్కోమా అని తేలింది, ఎఫ్‌ఎల్‌ఐ1 అని కూడా రాశారు. కీమో నడుస్తున్నది. నేను మా మేనమామ బిడ్డనే చేసుకున్నాను. ‘జన్యువుల్లో తేడా’ అని డాక్టరు చెప్పినప్పటి నుంచి మా బాపుతో సహా అందరూ మేనరికం వల్లనే వచ్చిందంటున్నారు. నా భార్య అన్నం తినడం మానేసింది. బాబుకు ఒక చెల్లె ఉంది, ఏడేండ్లు. ఆమెకు కూడా పరీక్ష చేయించాలా?
*– ఒక తండ్రి, కరీంనగర్ జిల్లా*

ముందుగా మీ భార్యకు ఈ పేజీ చదివి వినిపించండి. మీ బాపుగారికి కూడా.

మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. దగ్గరి చుట్టరికంలో పెళ్లి చేసుకుంటే వచ్చే ఇబ్బంది వేరు. ఒకే లోపం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ బిడ్డకు చేరితే బయటపడే జబ్బులు కొన్ని ఉన్నాయి. అవి పుట్టుకతోనే ఒంట్లోని ప్రతి కణంలో ఉంటాయి. మీ బాబుకు వచ్చింది అలాంటిది కాదు. అతను పుట్టాక, ఏదో ఒక రోజు, ఏదో ఒక్క కణంలో 11, 22 క్రోమోజోములు తెగి ఒకదాని ముక్క ఇంకొకదానికి అతుక్కుంది. ఆ ఒక్క కణం పెరిగి గడ్డ అయింది. అతని రక్తంలోని మామూలు కణాలు తీసి చూస్తే ఆ అతుకు కనిపించదు. మీలో లేదు, మీ భార్యలో లేదు. ‘జన్యువుల్లో తేడా’ అంటే ‘వంశంలో తేడా’ అని మనవాళ్లు అర్థం చేసుకుంటారు. డాక్టర్లం ఆ ఒక్క వాక్యం అదనంగా చెప్పి ఉంటే ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు నింద మోయకుండా ఉండేవారు.

ఆ తెగడం ఎందుకు జరిగిందో చెప్పగల కారణం ఒక్కటీ లేదు. ఆటలో తగిలిన దెబ్బ వల్ల రాలేదు, తిన్న తిండి వల్ల రాలేదు. దెబ్బ తగిలినప్పుడు ఆ చోట నొక్కి చూస్తాం కాబట్టి, అప్పటికే ఉన్న గడ్డ అప్పుడు కంటపడుతుంది.

అతుకు పడితే క్యాన్సర్ ఎందుకవుతుందని కూడా అడిగారు. మీ ప్రాంతంలో ఒకప్పుడు వ్యవసాయ మోటార్లకు అర్ధరాత్రి కొన్ని గంటలే కరెంటు ఇచ్చేవాళ్లు, గుర్తుందా? ఎఫ్‌ఎల్‌ఐ1 అలా వేళ చూసి నడవాల్సిన మోటారు. ఈడబ్ల్యూఎస్‌ఆర్1 ఒంట్లో దాదాపు అన్ని కణాల్లోనూ ఎప్పుడూ కరెంటుండే లైను. ఈ మోటారు వైరు తీసుకెళ్లి ఆ లైనుకు కలిపేస్తే ఆపేవాళ్లు ఉండరు. మడి మునిగిపోతుంది. కణానికి ‘పెరుగు’ అనే ఆజ్ఞ రాత్రింబగళ్లు అందుతూనే ఉంటుంది.

పాపకు ఏ పరీక్షా అక్కర్లేదు. సార్కోమాల్లో వంశంతో ముడిపడినవి కొన్ని ఉన్న మాట నిజమే. ఒంటి నిండా కాఫీ రంగు మచ్చలు, చర్మం మీద మెత్తటి బుడిపెలు ఉండే న్యూరోఫైబ్రోమటోసిస్ కుటుంబాలు ఒక రకం. ఒకే ఇంట్లో చిన్న వయసులోనే నలుగురైదుగురికి వేరువేరు క్యాన్సర్లు రావడం ఇంకో రకం. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ లేదు. ఆ అమ్మాయిని బడికి పంపండి, అన్నయ్య దగ్గర కూర్చుని ఆడుకోనివ్వండి. ఇది అంటుకునే జబ్బు కూడా కాదు.

మేడమ్, నేను పాథాలజీ పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇప్పుడు ఎన్‌జీఎస్ అనే కొత్త తరం సీక్వెన్సింగ్‌తో వందల ఫ్యూజన్లు ఒకేసారి వెతుకుతున్నారు. ఇక మెత్తటి కణజాలపు గడ్డలకు స్లైడు చూసి తలపట్టుకోవడం దేనికి? ముక్క మెషీన్‌లో పెడితే పేరు వచ్చేస్తుంది కదా?
*– ఒక విద్యార్థిని, కర్నూలు*

నా దగ్గర చదువుకున్న పిల్లల వయసే నీది, కాబట్టి నువ్వు అనే రాస్తాను.

నీ ఉత్సాహం నాకు నచ్చింది. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఈ సాధనం ఉండి ఉంటే ఎంత బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. సినోవియల్ సార్కోమానే తీసుకో. కీళ్ల పొరలోంచి పుడుతుందనుకుని పెట్టిన పేరది. నిజానికి ఆ పొరకూ దానికీ సంబంధం లేదు. ఎక్స్ క్రోమోజోముకూ 18వ క్రోమోజోముకూ మధ్య పడే ఎస్‌ఎస్18–ఎస్‌ఎస్‌ఎక్స్ అతుకు దానికి గుర్తు. ఊపిరితిత్తిలో వచ్చినా, మెడలో వచ్చినా ఆ అతుకే దాన్ని పట్టిస్తుంది. సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ కూడా అంతే. ఒంట్లో ఎక్కడపడితే అక్కడ వచ్చి, ఒక్కో చోట ఒక్కో పేరుతో చలామణీ అయింది. 2013లో ఎన్‌ఏబీ2–స్టాట్6 అతుకు బయటపడ్డాక అవన్నీ ఒకే గడ్డ అని ఖాయమైంది. ఇప్పుడు స్టాట్6 రంగు పరీక్ష కణ కేంద్రకంలో గోధుమరంగు చూపిస్తే చాలు, చాలాసార్లు సీక్వెన్సింగ్ దాకా వెళ్లక్కర్లేదు. 2020లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ, గుండ్రటి కణాల సార్కోమాలకు ప్రత్యేక అధ్యాయమే ఇచ్చింది. అందులో యూయింగ్‌ను ఒక పక్క పెట్టి, సీఐసీ జన్యువు తెగినవాటిని, బీకార్ జన్యువు మారినవాటిని వేరే పేర్లతో విడదీసింది. నేను ‘యూయింగ్ లాంటిది’ అని రాసి వదిలేసినవాటిలో ఇవి ఎన్ని ఉండి ఉంటాయో! సీఐసీ రకం యూయింగ్ మందులకు సరిగా లొంగదు, రోగి గతి కూడా యూయింగ్ కన్నా కష్టంగా ఉంటుంది. ‘లాంటిది’ అన్న ఒక్క మాట వెనక అంత తేడా దాగి ఉంది.

ఇక నీ ప్రశ్నలో రెండో సగం. పై ఉత్తరంలో ఇంటిపేరు చాలదు, పూర్తి పేరు కావాలన్నాను. నీకు ఇంకో మెట్టు చెప్తాను: ఒక్కోసారి పూర్తి పేరు కూడా చాలదు. ఈడబ్ల్యూఎస్‌ఆర్1–ఏటీఎఫ్1 అతుకు క్లియర్ సెల్ సార్కోమాలో ఉంటుంది కదా. అదే అతుకు యాంజియోమటాయిడ్ ఫైబ్రస్ హిస్టియోసైటోమాలో కూడా ఉంటుంది. అది పిల్లల్లో, చర్మం కింద వచ్చే గడ్డ. శుభ్రంగా తీసేస్తే ఎక్కువమందికి అంతటితో సరిపోతుంది. ఒకటి ప్రాణాంతకం, ఇంకొకటి దాదాపు సాధువు. మెషీన్ రెండింటికీ ఒకే జవాబిస్తుంది. ఈటీవీ6–ఎన్‌టీఆర్‌కే3 అతుకు పసిపిల్లల ఫైబ్రోసార్కోమాలోనూ ఉంది, రొమ్ములో వచ్చే సీక్రిటరీ కార్సినోమా అనే క్యాన్సర్‌లోనూ ఉంది. పేరూ పేరూ కలిసిన ఇద్దరిని చూశాక ముఖం చూసి గుర్తుపట్టక తప్పుతుందా? ఆ ముఖం స్లైడులోనే ఉంటుంది.

నాడ్యులర్ ఫాసియైటిస్ గురించి నీకు చెప్పి తీరాలి. ముంజేతి మీద రెండు మూడు వారాల్లో నిమ్మకాయంత పెరుగుతుంది. స్లైడులో విభజన చెందే కణాలు కుప్పలుగా కనిపిస్తాయి. ప్రతి తరంలోనూ దీన్ని చూసి సార్కోమా అని భయపడినవాళ్లున్నారు. ఏమీ చేయకపోయినా కొన్ని నెలల్లో దానంతటదే కరిగిపోయే గడ్డ ఇది. అతుకు ఉంటే క్యాన్సరే అని చాలామంది నమ్మకం. 2011లో ఇందులోనూ ఎంవైహెచ్9–యూఎస్‌పీ6 అనే అతుకు దొరికింది. రిపోర్టులో ‘ఫ్యూజన్ పాజిటివ్’ అన్న రెండు మాటలు చూసి చెయ్యి తీసేసేంత ఆపరేషన్‌కు సిద్ధపడితే ఎంత ఘోరం!

కాబట్టి ముందు స్లైడు చూడు. వయసు, చోటు, లోతు, ఎంఆర్‌ఐ చూడు. ఈ మూడింటిలో ఒకటి కావచ్చని కాగితం మీద రాసుకో. తర్వాత పరీక్ష పంపు. నువ్వు రాసుకున్న మూడింటిలో లేని జవాబు మెషీన్ ఇస్తే, దాన్ని నమ్మే ముందు స్లైడు మళ్లీ పెట్టుకుని చూడు. నేను డబుల్ హెడ్ మైక్రోస్కోపు దగ్గర విద్యార్థుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చేయించింది ఇదే.

మా తమ్ముడి తొడ ఎముక దగ్గర గడ్డకు ముక్క తీశారు. ఫ్యూజన్ పరీక్షకు డబ్బు కట్టాక ‘ఆర్‌ఎన్‌ఏ పాడైంది, పరీక్ష కుదరలేదు’ అని రిపోర్టు వచ్చింది. మళ్లీ ముక్క తీయాలంటున్నారు. తప్పు ఎవరిది?
*– ఒక అన్నయ్య, విజయనగరం*

ఈ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. ఎందుకంటే ఇది ఆపగలిగిన నష్టం.

ముక్క తీసిన వెంటనే దాన్ని, కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్ అనే ద్రవంలో వేయాలి. ముక్క పరిమాణానికి కనీసం పదింతలు ద్రవం ఉండాలి. ఆ ఫార్మలిన్ కూడా సరిగ్గా కలిపిన 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ అయి ఉండాలి. గంటలకొద్దీ సెలైన్‌లో నానినా, మూడు నాలుగు రోజులకు మించి ఫార్మలిన్‌లోనే మగ్గినా లోపలి ఆర్‌ఎన్‌ఏ తునాతునకలవుతుంది. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఒక మే నెలలో, బస్సులో ఆరు గంటలు ప్రయాణించి, సెలైన్ సీసాలో ఒక ముక్క నా బల్ల మీదికి వచ్చింది. సీసా మూత తీయగానే వాసనకే అర్థమైంది. ఆ ముక్క ఎవరి ఒంట్లోంచి తీశారో ఆ ఇరవై ఏళ్ల కుర్రాడు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అతనికి మళ్లీ సూది గుచ్చాలని చెప్పాల్సిన పని నాకు పడింది.

మీ తమ్ముడి విషయంలో ఇంకో అనుమానం కూడా ఉంది. ఎముక కలిసిన ముక్కను కోయాలంటే ముందు దాన్ని మెత్తబరచాలి. గట్టి ఆసిడ్‌లో వేస్తే పని త్వరగా అవుతుంది. కానీ అది జన్యుపదార్థాన్ని తినేస్తుంది. ఈడీటీఏ అనే ద్రావణంలో వేస్తే రోజులు పడుతుంది, జన్యుపదార్థం మాత్రం నిలుస్తుంది. తప్పు ఎవరిదని ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. మళ్లీ ముక్క తీసే ముందు ఈ మాట అడగండి: “సార్, ఇందులో ఎముక లేని మెత్తటి భాగం ఒకటి విడిగా, ఆసిడ్ తగలకుండా మైనం బ్లాక్ చేయిస్తారా?” డాక్టరు దీన్ని తప్పుపట్టరు. ముందు ఉన్న స్లైడు మీదే రంగు పరీక్షలతోనో, డీఎన్‌ఏ మీద చేసే ఫిష్‌తోనో పని జరుగుతుందేమో కూడా అడగండి. ఆర్‌ఎన్‌ఏ కన్నా డీఎన్‌ఏ కాస్త మొండిది.

మా వారికి భుజం మీద డీఎఫ్‌ఎస్‌పీ అనే చర్మపు సార్కోమా గడ్డ మూడోసారి వచ్చింది. ఈసారి తీయడం కష్టమన్నారు. జన్యువుకు సరిపోయే మాత్రలు ఉన్నాయని విన్నాను. నిజమేనా?
*– ఒక పాఠకురాలు, అనంతపురం*

నిజమే తల్లీ. డీఎఫ్‌ఎస్‌పీలో 17, 22 క్రోమోజోములు అతుక్కుని, కణం తనకు కావలసిన ఎరువు తానే ఆపకుండా తయారుచేసుకుంటుంది. ఆ ఎరువు అందే ద్వారాన్ని ఇమాటినిబ్ అనే మాత్ర మూసేస్తుంది. ఆపరేషన్‌కు వీలుకాని, మళ్లీ మళ్లీ వచ్చే, లేదా పాకిన డీఎఫ్‌ఎస్‌పీకి అమెరికాలో 2006లోనే దీన్ని అనుమతించారు. బ్లడ్ క్యాన్సర్‌కు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందే ఇది. హైదరాబాద్ కంపెనీలు కూడా దీన్ని జనరిక్‌గా తయారుచేస్తున్నాయి. కాబట్టి ధర కొత్త మందులంత భయపెట్టేది కాదు. అయితే మొదలుపెట్టే ముందు సీఓఎల్1ఏ1–పీడీజీఎఫ్‌బీ అతుకు ఉందని పరీక్షలో తేలాలి. అతుకు లేని గడ్డ ఈ మాత్రకు లొంగుతుందని ఆశపడలేం. పాత బ్లాకు మీదే ఈ పరీక్ష చేయవచ్చు.

పసిపిల్లల ఫైబ్రోసార్కోమాలోని ఎన్‌టీఆర్‌కే అతుకుకు కూడా లారోట్రెక్టినిబ్ అనే మందు 2018లో అమెరికాలో వచ్చింది. కాలో చెయ్యో తీసేయాల్సి వస్తుందనుకున్న పిల్లల్లో గడ్డ కరిగి, చిన్న ఆపరేషన్‌తో బయటపడ్డవాళ్లున్నారు. అందరికీ ఇలాంటి మందు లేదు. యూయింగ్‌లోని కొత్త ప్రోటీన్‌కు మందు పట్టుకోవడానికి తగిన గుంట దొరక్క ఇన్నేళ్లుగా పరిశోధకులు కష్టపడుతున్నారు. దానికి ఇప్పటికీ పాత కీమోయే దిక్కు.

మా అమ్మకు వీపు మీద పదేళ్లుగా మెత్తటి కొవ్వు గడ్డ ఉంది. నొప్పి లేదు, పెరగలేదు. ఆమెకూ జన్యు పరీక్ష చేయించమంటారా?
*– నల్గొండ*

అక్కర్లేదు. చర్మం కింద కదిలే, పెరగని, చిన్న కొవ్వు గడ్డకు డబ్బు తగలేయకండి. అయిదు సెంటీమీటర్లు దాటినా, కండ లోపల లోతుగా ఉన్నా, ఈ మధ్య పెరగడం మొదలైనా అప్పుడు ముందు ఎంఆర్‌ఐ, తర్వాత ట్రూకట్ సూదితో ముక్క. అంతేకానీ ‘కొవ్వు గడ్డే కదా’ అని మత్తు సూది వేసి ఊడదీయించుకోవద్దు. అది సార్కోమా అయితే కణాలు చుట్టూ చెల్లాచెదురై, రెండో ఆపరేషన్ మొదటిదానికి రెండింతలు అవుతుంది. పెద్ద, లోతైన కొవ్వు గడ్డల్లో ఎండీఎం2 అనే జన్యువు కాపీలు పెరిగాయా అని ఫిష్‌తో చూస్తారు. అక్కడ చూసేది అతుకు కాదు, లెక్క.

రెండో అభిప్రాయం కోసం హైదరాబాద్ వెళ్తున్నాం. స్లైడ్లు చాలా, బ్లాక్ కూడా తీసుకెళ్లాలా? ల్యాబువాళ్లు ఇస్తారా?
*– ఒంగోలు*

రెండూ తీసుకెళ్లండి. స్లైడు మీద ఉన్నది ముక్కలోంచి కోసిన ఒక పలుచని పొర మాత్రమే. అసలు ముక్క మైనం బ్లాకులో ఉంటుంది, జన్యు పరీక్షలన్నీ దానిమీదే చేస్తారు. నిమ్స్‌కు వెళ్లినా, ఎంఎన్‌జేకు వెళ్లినా, విశాఖలో హోమీ భాభాకు వెళ్లినా, ముంబైలో టాటా మెమోరియల్‌కు వెళ్లినా మొదట అడిగేది అదే. రోగి లేదా రోగి తరఫువాళ్లు గుర్తింపు కార్డుతో వెళ్లి, ఒక కాగితం రాసి, సంతకం పెట్టి అడగండి. రిపోర్టు మీదున్న బయాప్సీ నంబరూ బ్లాకు మీద చెక్కిన నంబరూ ఒకటేనా అని కౌంటరు దగ్గరే చూసుకోండి. రెండు మూడు బ్లాకులుంటే గడ్డ ఎక్కువగా ఉన్నది ఏదో పాథాలజిస్టును అడిగి గుర్తు పెట్టించుకోండి. పని అయ్యాక మిగిలినది వెనక్కి తెచ్చుకోండి. దారిలో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దూది పెట్టి ఉంచండి. ఎండలో ఆపిన కారులో వదిలి భోజనానికి దిగకండి, మైనం మెత్తబడుతుంది. చేతిసంచిలో మీతోనే ఉంచుకోండి.